‘పాలపిట్ట కనపడలేదు’ అని రాసుకోవడం

దసరా నాడు జమ్మి దగ్గరికి పోయేముందు పాలపిట్టను చూడాలని మా దగ్గర ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. ఈమధ్య ఆ రోజున పాలపిట్ట కన్నా ఎక్కువగా వినపడేది ఒక మాట. “ఏడున్నయి పాలపిట్టలు? మా చిన్నప్పుడు కరెంటు తీగెకు నాలుగు కూసుంటుండె.” ఈ మాట నేను సిద్దిపేటలో విన్నాను, హైదరాబాదులో అపార్ట్‌మెంటు లిఫ్టులో విన్నాను, అమెరికాలో ఉన్న మిత్రుడు ఫోనులో అంటుంటే కూడా విన్నాను. అతను పాలపిట్టను చూడక పన్నెండేళ్ళు అయివుంటుంది. పెద్దవాళ్ళ జ్ఞాపకం అబద్ధం అనడం లేదు. కాకపోతే అదే జ్ఞాపకం వెనకటి మామిడిపళ్ళు ఇంతకన్నా తియ్యగా ఉండేవనీ, వెనకటి వానలు చెప్పినట్టు కురిసేవనీ కూడా చెబుతుంది. దేన్ని నమ్మాలి?

పాలపిట్ట విషయంలో జ్ఞాపకం నిజమే చెప్పింది. 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక 30 శాతం పైగా తగ్గాయనుకుంటున్న జాతుల్లో మన రాష్ట్రపక్షిని చేర్చింది. ప్రపంచస్థాయి జాబితాలో దాని స్థానాన్ని మళ్ళీ పరిశీలించమని సూచించిన 14 పక్షుల్లో అదొకటి. ఐయూసీఎన్ వాళ్ళ లెక్కలో మాత్రం అది అప్పటికి ఇంకా ‘బెంగపడాల్సిన పనిలేని’ పక్షే.

ఈ 30 శాతం అనే అంకె నన్ను చాలాకాలం కుదురుగా ఉండనివ్వలేదు. దేశంలో ఉన్న పాలపిట్టలన్నిటినీ ఎవరూ లెక్కపెట్టలేదు. పెట్టలేరు కూడా. మరి ముప్ఫై శాతం దేనిలోంచి తీసేశారు? దీనికి సమాధానం నాకు పక్షుల పుస్తకాల్లో కాక నేను రోజూ చేసే ఉద్యోగంలోనే దొరికింది. డేటాబేసులతో పనిచేసేవాళ్ళు మొదటి వారంలో నేర్చుకునే సంగతి ఒకటుంది. సున్నా వేరు, ఖాళీ వేరు. బ్యాంకు ఖాతాలో సున్నా ఉంటే డబ్బుల్లేవని అర్థం. ఆ గడి ఖాళీగా ఉంటే మనకు తెలియదని అర్థం. ఖాళీని మేము ‘నల్’ అంటాం. రెంటినీ కలిపేసి సగటు తీస్తే వచ్చే తప్పులకు అంతుండదు. పక్షుల విషయంలో మన ప్రాంతపు చరిత్ర దాదాపు రెండువందల ఏళ్ళపాటు ఈ రెంటినీ విడదీయలేదు. ఉన్నదాన్ని రాసుకున్నారు. లేనిదాన్ని రాసుకోలేదు. ఇప్పుడు చెరువుగట్టు మీద పదిహేను నిమిషాలు నడిచి ఫోనులో జాబితా నింపే మామూలు మనుషులు చేస్తున్న కొత్త పని, నా దృష్టిలో, ఆ సున్నాలు రాయడమే.

పాతకాలం సంగతి జెర్డాన్‌తో మొదలుపెట్టాలి. థామస్ జెర్డాన్ ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో వైద్యుడు. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్. మందులిచ్చింది ఎంతో గానీ పక్షులూ చీమలూ పాములూ అతన్ని బాగా పట్టుకున్నాయి. తూర్పు కనుమల నుంచి అతను సంపాదించిన ఒక పిట్టకు ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో శాస్త్రీయనామం పెట్టాడు. దాన్నే తర్వాత జెర్డాన్స్ కోర్సర్ అన్నారు, మనం కలివికోడి అంటున్నాం. 1860లలో వచ్చిన తన పెద్ద పుస్తకం ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో జెర్డాన్ ఒక మంచి పని చేశాడు. చాలా పక్షుల దగ్గర స్థానికుల పేర్లు కూడా ఇచ్చాడు. కలివికోడికి అతను రాసుకున్న తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లోంచి మళ్ళీ మన లిపిలోకి తెచ్చుకుంటే ‘అడవ వుట తిట్టి’ లాంటిదేదో వస్తుంది. మొదటిమాట అడవి అని తెలుస్తూనే ఉంది. మిగతా రెండు మాటలు ఆ పేరు చెప్పిన వేటగాడి నోట్లో ఎలా పలికాయో ఇప్పుడు ఆ స్పెల్లింగులోంచి బయటికి తీయలేం. ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌కు మారుస్తున్నప్పుడు సమాచారం రాలిపోతుంది చూడండి, అది కంప్యూటర్లతో పుట్టిన జబ్బేమీ కాదు.

(పిడకల వేట అనుకోకపోతే ఒకమాట. ఇంగ్లీషువాళ్ళు ‘పిట్టా’ అని ఒక పక్షికుటుంబాన్నే పిలుస్తారు. ఆ పేరు మన ‘పిట్ట’లోంచే పోయింది. ఏ తెలుగువాణ్ణి ఏ తెల్లదొర ‘అదేంటి?’ అని అడిగాడో, అతను ‘పిట్ట’ అన్నాడో! అంతకన్నా నిజాయితీ గల జవాబు ఉండదు.)

జెర్డాన్ కాలంలో ఒక పక్షి ‘రికార్డు’ అంటే చచ్చిన పక్షి. కొట్టడం, తోలు తీయడం, దూది కూరడం, కాలికి చీటీ కట్టి మ్యూజియానికి పంపడం. ఎక్కడ దొరికిందో చీటీ మీద ఉంటుంది. ఎన్ని రోజులు వెతికారో, ఏయే ఊళ్ళలో దొరకలేదో ఉండదు. హైదరాబాద్ సంస్థానం వరకు వస్తే, క్రమపద్ధతిలో సర్వే జరగడానికి 1931 దాకా ఆగాల్సి వచ్చింది. చేసింది సలీం అలీ. ఆయనకప్పుడు ఉద్యోగం లేదు. జీతం అక్కర్లేదు, ఖర్చులు పెట్టుకుంటే చాలు, సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేసిపెడతానన్నాడు. ఆ ఏర్పాటు మీదనే 1931-32లో తిరిగాడు. ఫలితాలు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో 1933-34లో వరసగా వచ్చాయి. పంజాబ్‌లో పోలీసు అధికారిగా పనిచేసి ఇంగ్లండుకు తిరిగివెళ్ళిన హ్యూ విస్లర్ వాటికి వ్యాఖ్యలు రాశాడు. జీతం లేకుండా మన నేల మీద పక్షులను నమోదు చేసిన మొదటి వాలంటీర్ ఆయనే అని నేను సరదాగా అంటుంటాను.

ఆ సర్వే గొప్పది. కానీ అదీ నమూనాలు సేకరించే పద్ధతే. సహజంగానే పక్షి వైవిధ్యం ఎక్కువగా ఉండే అడవుల మీదే చూపు. అమ్రాబాద్ పీఠభూమి మీద ఫరహాబాద్ లాంటి చోట్ల గుడారాలు పడ్డాయి. మా మెదక్ జొన్నచేలు, తాటివనాలు, కుంటలు ఎవరికి కావాలి? అక్కడుండేవి ‘మామూలు’ పిట్టలు. మామూలు వాటిని ఎవరూ లెక్కపెట్టరు. అందుకే అవి తగ్గినప్పుడు ఎంత తగ్గాయో చెప్పడానికి ఆధారం ఉండదు. పాలపిట్ట అలాంటి మామూలు పిట్టే.

ఆ తర్వాత హైదరాబాదులో 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ పుట్టింది. ఇప్పుడు దాని పేరు దక్కన్ బర్డర్స్. నెలనెలా బైనాక్యులర్లు మెళ్ళో వేసుకుని చెరువులకూ గుట్టలకూ వెళ్ళి, చూసినవి నోటుబుక్కుల్లో రాసుకుని, ‘మయూర’, తర్వాత ‘పిట్ట’ అనే పత్రికల్లో అచ్చేసుకున్నారు. బ్యాంకు ఉద్యోగులు, వ్యాపారులు, డాక్టర్లు, అటవీ అధికారులు. ఆ సంఘానికి చెందిన ఆశీష్ పిట్టీ దక్షిణాసియా పక్షిశాస్త్రానికి గ్రంథసూచిక తయారు చేయడంలో ఏళ్ళకేళ్ళు గడిపారు. ఒక్క మనిషి చేసిన ఆ పని చూస్తే నాలాంటి సాఫ్ట్‌వేర్‌వాళ్ళు తలదించుకోవాలి. కానీ నోటుబుక్కు నోటుబుక్కే. అది ఒక మనిషి బీరువాలో ఉంటుంది. ఆ మనిషి పోయాక పాతపేపర్లవాడి తక్కెట్లో ఉంటుంది.

ఖాళీకీ సున్నాకీ తేడా ఎంత ఖరీదైనదో తెలియాలంటే మళ్ళీ కలివికోడి దగ్గరకే పోవాలి. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ చూశాడు. తర్వాత 86 ఏళ్ళు ఎవరి రికార్డుల్లోనూ లేదు. వెతికినవాళ్ళకు దొరకలేదు. అంతరించిందనే చాలామంది అనుకున్నారు. 1980ల మధ్యలో బొంబాయి సొసైటీ నుంచి భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు కడప జిల్లాకు వచ్చాడు. అతను చేసిన తెలివైన పని, పిట్ట బొమ్మ పట్టుకుని అడవిలో తిరిగే మనుషులను అడగడం. వాళ్ళలో ఐతన్న అనే వేటగాడు ఆ పక్షి తనకు తెలుసన్నాడు. 1986 జనవరిలో, రెడ్డిపల్లి దగ్గర, రాత్రిపూట దీపం వెలుగులో దాన్ని పట్టుకొచ్చాడు. కబురందుకుని సలీం అలీ, అప్పటికే తొంభయ్యోపడికి దగ్గరలో ఉన్న మనిషి, పరుగున వచ్చాడు. పట్టుకున్న ఆ పక్షి బతకలేదు. కానీ జాతి బతికే ఉందని తెలిసింది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

ఇందులో నన్ను నిలదీసే విషయం ఇది. ఆ పక్షి రాత్రిపూట తిరుగుతుంది. దాని చుట్టాలైన కొన్ని కోర్సర్లు పగలు తిరుగుతాయి కాబట్టి దీన్నీ పగలే వెతుకుతూ వచ్చారు. అంటే ఆ 86 ఏళ్ళ ఖాళీలో ఎక్కువ భాగం ‘వెతికితే లేదు’ కాదు. ‘అది ఉండే వేళ మనం అక్కడ లేము’. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు వెతికామో ప్రతి వెతుకులాటలోనూ రాసిపెట్టి ఉంటే, రాత్రివేళ అనే నిలువు గడి మొత్తం ఖాళీగా ఉందని ఎవరికైనా కంటబడేది. ఇంకో విషయం మరీ బాధిస్తుంది. ఐతన్నకు అది పోయిన పక్షి కాదు. అతని లెక్కలో అది ఎప్పుడూ ఉంది. ‘తిరిగి కనుగొన్నారు’ అన్న మాటకు కర్త ఎవరు? పత్రికల్లో అతని పేరు వచ్చింది, నిజమే. కానీ అతనికి తెలిసిన అడవిలో ఆ పక్షి పేరుతో పాటు ఇంకా ఏమేం ఉండేవో రాసుకునే పెట్టె ఏ ఫారంలోనూ లేదు.

ఆ తర్వాత మళ్ళీ అది మాయమైంది. 2000ల చివర్లోంచి ఒక దశాబ్దంన్నర పాటు నమ్మదగ్గ ఆనవాళ్ళు లేవు. 2025 ఆగస్టులో కొందరు పక్షిప్రేమికులు కడప జిల్లాలో రాత్రిపూట కాపుకాసి దాని కూతను రికార్డు చేశారు. ఈసారి ఏ తోలూ తీయలేదు, ఏ పిట్టా చావలేదు. సాక్ష్యం ఒక ధ్వని ఫైలు.

ఇప్పుడు యాప్‌ల సంగతి. మామూలు జనంతో పక్షుల లెక్క తీయించడం కొత్త ఆలోచన కాదు. 1900 క్రిస్మస్ నాడు అమెరికాలో ఫ్రాంక్ చాప్‌మన్ అనే ఆయన, పండగపూట తుపాకులతో పోటీపడి పక్షులను కొట్టే ఆచారానికి బదులు, పోటీపడి లెక్కపెడదాం రండి అన్నాడు. వచ్చినవాళ్ళు 27 మంది. అది ఇప్పటికీ నడుస్తోంది. దాని మనవరాలు అనదగ్గ ఈబర్డ్‌ను కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షిశాస్త్ర కేంద్రం, ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టాయి. ఇండియాకు దాని ప్రత్యేక పోర్టల్ 2014లో వచ్చింది. బర్డ్ కౌంట్ ఇండియా అనే బృందం ఫిబ్రవరిలో నాలుగు రోజుల లెక్కింపు, కాలేజీల్లో క్యాంపస్ లెక్కింపు అంటూ జనాన్ని అలవాటు చేసింది.

పనిచేసే తీరు చూస్తే, పార్కులోకి పోయి జాబితా మొదలుపెట్టగానే ఫోను సమయాన్నీ, నడిచిన దూరాన్నీ తనే రాసుకుంటుంది. కనపడ్డవీ, వినపడ్డవీ ఎన్నున్నాయో వేసుకుంటూ పోతాం. బయటికొచ్చి జాబితా ముగించేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంది. ‘మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నిటినీ ఇందులో రాశారా?’ అవును, కాదు. అంతే. నేను చూసిన సాఫ్ట్‌వేర్ అంతటిలో ఇంత తక్కువ కోడ్‌తో ఇంత పెద్ద పని చేసిన పెట్టె ఇంకోటి లేదు. ‘అవును’ అని నొక్కిన మరుక్షణం, జాబితాలో లేని ప్రతి పక్షికీ మనం ఒక సున్నా రాసినట్టు. కాకి, గోరింక, పికిలిపిట్ట అని మూడే రాసి ‘అవును’ అంటే, పాలపిట్ట కనపడలేదని కూడా చెప్పినట్టే. అలాంటి సంపూర్ణ జాబితాలు వంద తీసుకుంటే వాటిలో ఎన్నింట్లో పాలపిట్ట ఉంది, పదేళ్ళ కిందట వందలో ఎన్నింట్లో ఉండేది. తగ్గుదల అనేది అక్కడి నుంచి వచ్చింది. దాని వెనక లెక్కలు ఇంకా చాలా ఉన్నాయి, జాబితా ఎంత పొడవుంది, ఎక్కడ రాశారు లాంటివి సరిచేస్తారు. మూలసూత్రం మాత్రం ఇదే.

2023 నివేదికకు 30,000 మంది పక్షిప్రేమికులు అందించిన మూడు కోట్ల నమోదులు ఆధారం. 942 జాతులను పరిశీలించారు. కానీ దీర్ఘకాలంలో పెరిగాయో తగ్గాయో చెప్పడానికి సరిపడా సమాచారం ఉన్నది 338కే. వాటిలో 204 తగ్గాయి. మిగతా ఆరువందల పైచిలుకు? ఖాళీ. ‘బాగానే ఉన్నాయి’ అని కాదు. పెరిగినవీ ఉన్నాయండోయ్. నెమలి, పావురం, కోయిల. నెమళ్ళ సంగతి మా జిల్లా రైతులను అడిగితే నివేదిక అక్కర్లేకుండానే చెబుతారు, మర్యాదగా కాకపోవచ్చు.

ఐనాచురలిస్ట్ అని ఇంకో యాప్ ఉంది. 2008లో బర్క్‌లీలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. దాంట్లో మొక్క, పురుగు, పాము ఏదైనా సరే ఫోటో తీసి పెడితే ముక్కూమొహం తెలియని ఎవరో పేరు చెబుతారు. పార్కుకు కొత్తగా వచ్చేవాళ్ళకు ఇదే ముందు నచ్చుతుంది, నాకూ అంతే. సమస్య ఏమిటంటే ఫోటో ఎప్పుడూ ‘ఉంది’ అనే చెబుతుంది. లేనిదాన్ని ఫోటో తీయలేం. బతుకమ్మకు గునుగు దొరకడం లేదని ఆడవాళ్ళు ఏటా అంటారు. చేలల్లో కలుపుమందు కొట్టాక గునుగు ఎక్కణ్ణుంచి వస్తుంది? కానీ గునుగు ఫోటోలు వందున్నా దానివల్ల ఏ చేలోంచి పోయిందో తెలియదు. దీనికి సీజన్‌వాచ్ వాళ్ళ పద్ధతి మేలు. ఒక చెట్టును మన చెట్టుగా నమోదు చేసుకుని, వారంవారం అదే చెట్టు దగ్గరకు పోయి ఆకు, పూత, కాయ ఉన్నాయా లేవా అని రాయాలి. ‘పూత లేదు’ అన్నది అక్కడ పూర్తిస్థాయి జవాబు. చింత, రేల, వేప అన్నీ అందులో ఉన్నాయి. ఆ సమాచారంలో ఎక్కువ భాగం కేరళ స్కూలు పిల్లలు రాసింది. మన పిల్లలు రాయలేరా?

సిద్దిపేటకు వస్తాను. మా ఊళ్ళో పార్కు అంటే కోమటిచెరువే. మిషన్ కాకతీయలో బాగుచేసి మినీ ట్యాంక్‌బండ్ చేశాక పొద్దున నడిచేవాళ్ళు, సాయంత్రం పడవెక్కేవాళ్ళు, వేలాడే వంతెన మీద సెల్ఫీలు దిగేవాళ్ళు, ఎప్పుడూ సందడే. సద్దుల బతుకమ్మ నాడైతే కాలుపెట్టే సందుండదు. నేను హైదరాబాదు నుంచి వచ్చినప్పుడల్లా శనివారమో ఆదివారమో పొద్దున ఆరింటికి అక్కడుంటాను. నాతో ఇద్దరు స్నేహితులు, ఒక్కోసారి వాళ్ళ పిల్లలు. ఒక జాబితా పదిహేను నిమిషాలు. నీటికాకులు, తెల్లకొంగలు, బుడబుంగలు, లకుముకి, తీతువు, ఎప్పుడూ తగువులాడే గోరింకలు. పిల్లలకు లెక్క బాగా వస్తుంది, నాకన్నా కళ్ళు చురుకు. కూత వినిపించగానే పేరు చెప్పే మెర్లిన్ యాప్ వాళ్ళకు ఆటవస్తువు. అది చెప్పిందల్లా రాయొద్దని, కంటితో చూడాలని, లేదా ఆ కూత మనకే తెలిసి ఉండాలని వాళ్ళకు నియమం పెట్టాం. గుర్తుపట్టింది ఫోనా, మనమా అనేది చిన్న తేడా కాదు. ప్రశ్న ‘మీరు గుర్తుపట్టగలిగిన’ అని కదా.

కొందరు అడుగుతారు, తారు రోడ్డూ రంగుల లైట్లూ ఉన్న చెరువు మీద ఏం ప్రకృతి అని. నా జవాబు ఏమిటంటే, చెరువు ఇప్పుడెలా ఉందో రాసుకోకపోతే పదేళ్ళ తర్వాత ఎలా మారిందో ఎవరు చెబుతారు? ఇది ఉత్తుత్తి భయం కాదు, మా జిల్లాలోనే జరిగింది. కాళేశ్వరం ప్రాజెక్టుకు 2016 మేలో శంకుస్థాపన. 2020లో రంగనాయకసాగర్, కొండపోచమ్మసాగర్ నిండాయి. తర్వాత 50 టీఎంసీల మల్లన్నసాగర్ 2022లో ప్రారంభమైంది. వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్ళు నీళ్ళకింద పోయాయి. ఆ ఊళ్ళవాళ్ళు పోగొట్టుకున్నదాని ముందు పిట్టల మాట ఎత్తడానికి మనసొప్పదు. అయినా ఒకటి చూడండి. ఇండియాకు ఈబర్డ్ పోర్టల్ వచ్చింది 2014లో, శంకుస్థాపన 2016లో. మెట్టచేలుగా ఉన్న ఆ నేలలో ఏ పిట్టలుండేవో ఊరికి నలుగురు జాబితాలు రాయడానికి మనకున్న గడువు రెండేళ్ళు. ఇప్పుడు రిజర్వాయర్ల మీదకు బాతులొస్తున్నాయని ఫోటోలు పెట్టుకుంటున్నాం. వచ్చినవి కనపడతాయి. పోయినవాటి గడి ఖాళీ. ఏ ప్రాజెక్టు నివేదికా ఆ ఖాళీని సున్నాగా మార్చలేదు, ఇంకెప్పటికీ మార్చలేదు.

జాబితాలు రాసేది ఫోనున్నవాళ్ళు, తీరికున్నవాళ్ళు, తెల్లారి రోడ్డు మీద కారాపగలవాళ్ళు. కాబట్టి పక్షుల పటం కొంతవరకు మనలాంటివాళ్ళ పటమే అవుతుంది. హైదరాబాదు చుట్టూ చుక్కలు ముసురుకుని ఉంటాయి, జిల్లాల్లోకి పోయేకొద్దీ పలచబడతాయి. దీనికి కేరళవాళ్ళు విరుగుడు కనిపెట్టారు. 2015 నుంచి 2020 దాకా రాష్ట్రం మొత్తాన్ని గళ్ళుగా కోసి, వాటిలో చీటీ తీసినట్టు కొన్నిటిని ఎంచి, ఏ గడి పడితే ఆ గడికి, రబ్బరుతోట అయినా, బస్‌స్టాండు అయినా, వాలంటీర్లు పోయి లెక్కపెట్టారు. అందమైన చోటుకే పోతామంటే కుదరదు. వెయ్యిమందికి పైగా పనిచేసి 25,000 పైగా జాబితాలు రాశారు. అదే దారిలో 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ బర్డ్ అట్లాస్ మొదలైంది. హైదరాబాద్ బర్డింగ్ పాల్స్, దక్కన్ బర్డర్స్, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఇండియా కలిసి చేస్తున్నాయి. సిద్దిపేటను గళ్ళుగా కోస్తే ఎన్నొస్తాయో ఒక ఆదివారం స్క్రిప్టు రాసి చూసుకున్నాను. ముగ్గురు మనుషులకు ఈ జన్మలో తెమిలే పని కాదు. అయినా కోమటిచెరువు దాటి పోవాలని మాత్రం నిర్ణయించుకున్నాం.

అలా పోయిన ఒక పొద్దున ఊరి బయట తాటివనం దగ్గర జాబితా మొదలుపెట్టాం. తాళ్ళెక్కే తాత ఒకాయన మోకుతో దిగుతున్నాడు. నా మెళ్ళో బైనాక్యులర్ చూసి, “సర్వేకొచ్చిండ్రా బిడ్డా? ప్లాట్లు చేస్తరా?” అన్నాడు. కాదు తాతా, పిట్టల్ని లెక్కపెడుతున్నాం అంటే నవ్వలేదు. “ఏ పిట్ట?” అన్నాడు. ఏదైనా సరే, పాలపిట్ట ఉందా అన్నాను. ఎండిపోయి తలలేకుండా నిలబడ్డ తాటిమొద్దు ఒకటి చూపించాడు.

“గీ మోడుల తొర్రలనే పిల్లల్ని చేస్తుండె. నా చేతికింద ముప్పై నలభై చెట్లుండె, మూడు మోడులుండె. మూడిట్ల ఉంటుండె. ఇప్పుడు మోడును ఎవలుంచుతుండ్రు? ప్లాట్లోళ్ళు కొట్టేస్తరు. రెండేండ్ల సంది నేనైతే సూల్లే.”

పాలపిట్ట చెట్టుతొర్రల్లో, ముఖ్యంగా ఇలాంటి చచ్చిన తాటిమొద్దుల్లో గూడు పెడుతుందని పుస్తకాల్లోనూ ఉంది. కానీ మూడు మోడులు, మూడింట్లో పిట్టలు, రెండేళ్ళుగా లేవు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఏటా అదే చెట్లెక్కి, అదే వేళకు, అదే తొర్రల్లోకి చూసిన మనిషి లెక్క ఇది. నేను పదిహేను నిమిషాలు కింద నిలబడి రాసే సున్నాకన్నా ఆయన సున్నా ఎంత గట్టిది! పిట్టలు పట్టేవాళ్ళు దసరాకు పంజరంలో పెట్టి ఇంటింటికీ తెచ్చి చూపించి పైసలడిగే పాలపిట్టల గురించి అడిగాను. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. “గవి సూస్తే ఏం పుణ్యం బిడ్డా, అది సూడనట్టే లెక్క” అన్నాడు. ఈబర్డ్ నియమావళిలోనూ పంజరంలో పక్షి లెక్కలోకి రాదు.

యాప్‌లో ఆయన పేరుతో ఖాతా లేదు. ఆయన ఫోనులో యాప్‌లు లేవు. పదిహేను నిమిషాలు కాగానే జాబితా ముగించాను. పదకొండు జాతులు. పాలపిట్ట లేదు. అన్నిటినీ రాశారా అన్నప్పుడు ‘అవును’ నొక్కాను. అట్టడుగున వ్యాఖ్యలు రాసుకునే పెట్టె ఒకటుంటుంది, ఎవరూ పట్టించుకోరు. దాంట్లో తాత చెప్పిన మాటలను, మోడు, తొర్ర, రెండేండ్ల సంది అన్నవాటితో సహా, ఆయన అన్నట్టే తెలుగులో టైపు చేసి పంపించాను. ఆ తాటిమొద్దుకు ఫోటో కూడా తీసి జతచేశాను. తొర్ర ఖాళీగా ఉంది.